బోర్డు మీద మూడో వరుస

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ పది. తిమోతి మాస్టారికి ఇంకా అయిదు గంటల ఇరవై నిమిషాలు మిగిలి ఉంది.

ఆ లెక్క నాది కాదు, నెల్లూరులో ఆయనకు వైద్యం చేసే డాక్టరుది. మాస్టారు ముప్పై ఏళ్లుగా ఇన్సులిన్ సూది మీద బతుకుతున్న మనిషి. ఆఖరి సూది ఆదివారం సాయంత్రం అయిదున్నరకు, చర్చికి బయలుదేరే ముందు వేసుకున్నారు. "రెండు రోజులు సూది పడకపోతే ఆ తర్వాత సంగతి నేను చెప్పలేనమ్మా వాణీ" అన్నాడు డాక్టరు ఫోన్‌లో. చెప్పలేనంటే ఏమిటో నాకు తెలుసు. పదిహేడేళ్లు పోలీసు శాఖలో ఎస్సైగా చేసి, ఒళ్లు మండి రాజీనామా పారేసి, ఆరేళ్లుగా సొంత డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నదాన్ని. డాక్టర్లు ఏది మింగి ఏది చెబుతారో బాగానే తెలుసు.

నన్ను పిలిచింది మాస్టారి కూతురు అబిగయీలు. నెల్లూరులో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. నాన్న ఫోను ఎత్తకపోయేసరికి సోమవారం సాయంత్రమే విడవలూరు దాటి ఈ పాలేనికి వచ్చేసింది. ఇప్పుడు వరండాలో కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న ఐసు సంచీ, అందులో ఇన్సులిన్ సీసా, సిరంజీలు. నిన్నటి నుంచి ఆ సంచీ కింద పెట్టలేదట.

"యాడ కనబడితే ఆడే సూది వేస్తా అక్కా" అంది. "ఇంటికి తెచ్చేదాకా కూడా ఆగను."

ఆ పిల్ల ముఖం చూడలేక నేను వరండాలోనే ఉన్న రెండో మనిషి వైపు తిరిగాను. రవి కుమార్. మాస్టారి ఇంటి ముందుగదిలో నాలుగేళ్లుగా అద్దెకు ఉంటున్నాడు. ఐసు పెట్టెల్లో చేపలు సర్దుకుని మద్రాసుకు తోలే వ్యాను అతనిది. మాస్టారి మందులు నెల్లూరు నుంచి తెచ్చిపెట్టేది కూడా ఇతనేనని అబిగయీలు చెప్పింది.

"సోమవారం ఎన్నింటికి బండి తీసినావు?" అని అడిగాను.

"నాలుగుకు మేడమ్. రోజూ అంతే. తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటద్ది."

"నాలుగింటికి మాస్టారు లేచి ఉన్నారా?"

"తలుపు మూసుండె. పండుకున్నాడులే అని లేపలా."

"ఆదివారం చర్చి వదిలినాక చూసినావా?"

"లైటు ఎలగతా ఉండె."

"నేనడిగింది లైటును కాదయ్యా, మనిషిని."

"మనిషిని చూడలా మేడమ్. అబద్ధం ఎందుకు చెప్తా." ఫోను నా ముందు పెట్టాడు. సోమవారం పొద్దున 5.35కి అతని బండి హైవే టోల్‌గేటు దాటినట్టు మెసేజీ. నేను అడగలేదే అన్నాను. "నిన్నట్నించి అందరూ అడగతానే ఉండారు. అందుకే తెరిచి పెట్టుకున్నా" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రలేదని ఎవరికైనా తెలుస్తుంది. "నాలుగేళ్లు ఇంట్లో పిలకాయ మాదిరి చూసుకున్నాడు మేడమ్. ఈ రోజు బండి కూడా తీయలా."

సరే. ఆడపిల్ల ఇలా సంచీ పట్టుకుని గోడలు చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి పిచ్చెక్కిపోతుంది. "అబిగయీలూ, లే. రవి బండిలో పోయి ఆస్పత్రులన్నీ తిరిగి రా. ఊరూ పేరూ చెప్పలేని ముసలాయన ఎవరైనా చేరాడేమో అడుగు. సంచీ దగ్గరే పెట్టుకో" అన్నాను. ఆ పిల్ల చటుక్కున లేచింది. ఏదో ఒక పని చెప్పినందుకే నాకు దండం పెట్టేట్టు చూసింది. పన్నెండూ నలభైకి వ్యాను కదిలింది. పక్కింటి గోడ దగ్గర చేపల తట్ట దించుకుంటున్న ఆడమనిషి కూడా ఆ బండి మలుపు తిరిగేదాకా చూసింది.

ఆమె పేరు రోజారమణి. రోజా అంటే పాలెంలో అందరికీ తెలుసు. నడుముకు డబ్బుల సంచీతో పాటు చుట్టిన నోటుపుస్తకం ఒకటి. చేపలమ్ముకునే ఆడవాళ్లకు మాస్టారు సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా ఇంగ్లీషు క్లాసు చెబుతారు. ఆ పుస్తకం అందుకే.

"మాస్టారు మీకు ఆదివారం ఏమైనా చెప్పారా?" అని అడిగాను.

ఆమె కళ్లు వెంటనే నిండాయి. "చర్చి ముందర అగుపడినాడు మేడమ్. 'రోజా, రేపు క్లాసుకు ముందే రా, మీ అక్క సంగతి ఒకటి చెప్పాల' అన్నాడు."

ఆమె అక్క పోలేరమ్మ. ఇరవై రోజుల కిందట తెల్లవారుజామున నాలుగింటికి కట్ట మీద నడిచి వస్తుంటే ఏదో బండి గుద్ది, ఆపకుండా పోయింది. ఆ బండి ఇప్పటికీ దొరకలేదు. అది దొరకబట్టాల్సిన మహానుభావుడే మాస్టారి కేసు కూడా చూస్తున్నాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజ్ కుమార్. ఒకప్పుడు నా కింద శిక్షణ పొందిన ప్రొబేషనరు. ఇప్పుడు నన్ను చూస్తే వెనక్కి వాలి నవ్వుతాడు.

ఆ నవ్వు చూడటానికి నేను చేపల వేలంపాట షెడ్డు దాకా నడిచాను. మాస్టారు ఆఖరిసారి బతికున్నట్టు ఆనవాలు అక్కడే ఉందని అతని వాదన.

షెడ్డు గోడకు మాస్టారి నల్లబోర్డు. రోజుకో ఇంగ్లీషు మాట, అందులోనూ ఎడ్జెక్టివ్ మాత్రమే. ఎందుకో రోజా దారిలో చెప్పింది. "వస్తువు పేరు ఎవడైనా బట్టీ పడతాడు. అది ఎట్టాంటిదో చెప్పాలంటే ముందు కళ్లు తెరిచి చూడాల" అని మాస్టారు అనేవారట. బోర్డు మీద మూడు వరుసలు, ఆడవాళ్లకు తేలిగ్గా ఉండాలని అన్నీ అచ్చు అక్షరాల్లో. మొదటి వరుసలో మాట: ఫ్యులిజినస్. రెండో వరుసలో తెలుగులో అర్థం: మసి పట్టిన, మసి రంగులో ఉన్న. మూడో వరుసలో ఆ మాట వాడి చూపిస్తూ ఇంగ్లీషులో ఒక వాక్యం. పక్కన సోమవారం తేదీ.

రాజ్ కుమార్ అప్పటికే అక్కడ కుర్చీ వేయించుకుని ఉన్నాడు.

"రండి మేడమ్. టీ చెప్పమంటారా? ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చినారా?"

"నీ కథ చెప్పు ముందు."

"కథేముంది. సోమవారం పొద్దున ఆరింటికి ముసలాయన రోజు మాదిరే బోర్డు రాసినాడు. ఆరున్నరకు ఏరు సముద్రంలో కలిసే ఆ ఏటి మొగ వైపు నడకకు పోయినాడు, అదీ రోజు మాదిరే. కాలు జారింది. రాత్రి తొమ్మిదింటికి గంగులయ్యకు ఆయన చెప్పు ఒకటి ఒడ్డున దొరికింది. రెండోది సముద్రంలోకి పోయింది, మనిషీ దాంతోనే పోయినాడు. ఆరింటి తర్వాత అనుమానించదగ్గ ప్రతివాడూ యాడున్నాడో కనుక్కున్నా. అందరికీ సాక్ష్యం ఉంది. సాయంత్రం వెతికే బోట్లు వెనక్కి పిలుస్తా ఉండా."

"బోర్డు రాస్తుండగా ఎవరు చూశారు?"

"ఎవరు చూస్తారు? ఆ టైముకు ఆడోళ్లంతా పడవల కాడ ఉంటారు. ఏడింటికి వేలానికి వచ్చేసరికి బోర్డు నిండుగా ఉండాది. అందరూ అదే చెప్పినారు."

"నిండుగా ఉండింది సార్" అంది రోజా నా వెనక నుంచి. "అదే నాకు అర్థం కాలా."

"నువ్వు పక్కకు పోమ్మా."

"ఉండవయ్యా!" అన్నాను. అంత గట్టిగా అరుస్తానని నేనూ అనుకోలేదు. "రోజా, నువ్వు చెప్పు. ఏం అర్థం కాలేదు?"

ఆమె తట్ట కింద పెట్టి బోర్డు దగ్గరికి వచ్చింది. "పొద్దున మూడో వరుస ఉండదు మేడమ్. మాటా, దాని అర్థం, ఆ రెండే రాసి పోతాడు. మేము పొద్దంతా యాపారం చేస్తానే ఆ మాట యాడ అతుకుద్దో చూసుకోని, సాయంత్రం క్లాసులో చెప్పాల. మేము తెలుగులో చెప్తే ఆయన ఇంగ్లీషులో తిప్పి మూడో వరుస రాస్తాడు. మూడో వరుస ఎప్పుడూ మాదే, ఆయనది కాదు."

"ఎప్పుడూ?"

"మూడేళ్ల నుంచి ఒక్క రోజు తప్పలా. ఒకసారి ఆదిశేషమ్మ యాడనో పుస్తకంలో వాక్యం చూసొచ్చి అప్పజెప్పింది. ఒప్పుకోలా. 'కంటితో చూసిందే చెప్పాల, లేదంటే బోర్డు ఖాళీగా ఉంటది' అన్నాడు. ఉండింది కూడా." పుస్తకం తీసి శనివారం పేజీ చూపించింది. "ఇదిగో. గారులస్, అంటే వాగుడెక్కువ. 'మా చిన్నత్త గారులస్, అందుకే చేప కుళ్లిపోయేదాకా బేరం తెగలా.' నేను చెప్పిందే."

ఇంకో వేళయితే నవ్వేదాన్ని.

"మరి నిన్న ఎవరితోనైనా చెప్పలేదా ఈ సంగతి?"

"క్లాసుకొచ్చిన వాళ్లం అనుకున్నాం, మాస్టారు ఊరికి పోతా ముందే రాసేసినాడేమోనని. పోలీసోళ్లు బోర్డు నిండుగా ఉందా లేదా అనే అడిగినారు. ఎందుకు నిండుగా ఉందని అడగలా."

రాజ్ కుమార్ టీ గ్లాసు అట్లాగే పట్టుకుని ఉన్నాడు. నేను బోర్డుకు ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్లాను. కొత్త అక్షరాల వెనక పాత సుద్ద మసకగా కనిపిస్తోంది. గారులస్. శనివారం మాట.

"బోర్డు దేనితో తుడుస్తారు రోజా?"

"తడిగుడ్డతో. ఆ కుళాయికి కట్టి ఉంటది చూడండి. ఆరిందాకా ఆగి మళ్లా రాస్తాడు. పొడిగా తుడిస్తే దుమ్ము తింటామని కేకలేస్తాడు."

కుళాయికి కట్టిన గుడ్డ కర్రలా ఎండిపోయి ఉంది. ఈ బోర్డు ఎవరో చొక్కా చెయ్యితోనో, ఏ పాతగుడ్డతోనో పొడిగా రుద్ది రాశారు. తొందరలో ఉన్న మనిషి, కుళాయి సంగతి తెలియని మనిషి.

"చూడు రాజ్ కుమార్" అన్నాను. "మాస్టారిని ఆదివారం చర్చి వదిలాక ఎవరూ చూడలేదు. అప్పుడే ఎత్తుకుపోయారు. సోమవారం పొద్దున ఆరింటికి ఆయన ఇక్కడే ఉన్నట్టు కనపడాలి, ఎందుకంటే ఆరింటికి వాడు ఎక్కడో దూరంగా ఉంటాడు. అందుకని ముందే వచ్చి బోర్డు రాసి, ఒక చెప్పు ఏటి మొగలో పారేసి పోయాడు. నువ్వు ఆరింటి నుంచి సాక్ష్యాలు అడిగావు, అందరూ చక్కగా చూపించారు."

"ఎవరో రాసినారే అనుకుందాం. ఈ మాట వాడికి ఎట్టా వచ్చు? నాకే రాదు."

"అదే కదా నేననేది. మాస్టారు చెబితే రాశాడు. కాగితం మీద రాయించుకుని అక్షరం అక్షరం దించుకున్నాడు. అంటే సోమవారం తెల్లవారుజామున మాస్టారు బతికే ఉన్నారు. ఇంకో సంగతి. మూడు వరుసలూ కావాలని వాడే అడిగి ఉంటాడు. పొద్దున రెండే ఉంటాయిరా అని మాస్టారు అనలేదు. నలభై ఏళ్లు తప్పులు దిద్దిన మనిషి ఈ ఒక్క తప్పును దిద్దకుండా వదిలేశారు. ఈ ఆడవాళ్లు పట్టుకుంటారని ఆయనకు నమ్మకం."

రోజా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిన్న సాయంత్రమే ఆ వరుస తన పుస్తకంలో ఎక్కించుకుంది పాపం. ఆ సంగతి గుర్తుకొచ్చి ఏడుస్తోందని నాకు అర్థమైంది. ఇప్పుడు ఓదార్చే తీరిక లేదు. టైము ఒకటీ యాభై.

"అయితే ఎవడు వాడు?" అన్నాడు రాజ్ కుమార్. మొదటిసారి గొంతులో వెటకారం తగ్గింది.

"ఈ బోర్డును ఎప్పుడూ మూడు వరుసలతోనే చూసినవాడు. అంటే సాయంత్రం క్లాసు అయినాక, మళ్లీ పొద్దున తుడిచేలోపల మాత్రమే ఇటు వచ్చేవాడు. పగటిపూట ఈ ఊళ్లో ఉండనివాడు."

"ఐసు బండి చిన్నబాబు!" అంది రోజా. "మూడున్నరకు ఐసు దించి పోతాడు. పగలు కనపడడు." అంతలోనే ఆమె ముఖం మారిపోయింది. "నాలుగింటికి కట్ట మీద తిరిగే బండి... మేడమ్, మా అక్క..."

"ఆ కేసు వేరేలేమ్మా" అంటూనే రాజ్ కుమార్ లేచాడు. ముఖం వెలిగిపోయింది. ఫోన్‌లో అప్పుడే ముత్తుకూరు స్టేషనుకు చెబుతున్నాడు, చిన్నబాబు అనేవాణ్ణి ఐసు ఫ్యాక్టరీ దగ్గర లేపమని.

"వాణ్ణి తర్వాత పట్టుకోవచ్చు. ముందు మాస్టారు ఎక్కడున్నారో చూద్దాం. అయిదున్నర దాకానే టైముంది."

"వాడు దొరికితే వాడే చెప్తాడు."

"చెప్పకపోతే? లాయరు కావాలని కూర్చుంటే? రాజ్ కుమార్, ఆయన ఎక్కడున్నారో ఈ బోర్డు మీదే ఉంది."

నేను మూడో వరుస తెలుగులో గట్టిగా చదివాను. మసి పట్టిన గోడ పక్క నుంచి చూస్తే తిరగని చక్రాలు మూడు, తల లేని తాటిచెట్టు ఒకటి కనిపిస్తాయి.

"మూడు చక్రాలంటే ఆటో" అన్నాడు రాజ్ కుమార్. వెనక ఉన్న కానిస్టేబుల్ నవ్వాడు. "కవిత్వం రాసుకున్నాడు ముసలాయన. మీరు చెట్లు లెక్కబెట్టుకోండి మేడమ్, నేను మనిషిని పట్టుకొస్తా."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. ఆ మాటలు ఇక్కడ రాయను.

"ఆయన చూడంది రాయడు మేడమ్" అంది రోజా మెల్లగా. "చంపినా రాయడు. ఆదివారం రాత్రి వెన్నెల పగలు మాదిరి ఉండె, ఆ గోడా చక్రాలూ ఆయన కళ్ల ముందర ఉండాయి."

"మసి గోడ ఎక్కడుంటుంది ఈ చుట్టుపక్కల?"

"చక్రాలంటే గుంటల్లో గాలి చక్రాలేమో. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికేవి. అట్టాగయితే మసి గోడంటే జనరేటర్ గది. ఆ డీజిలు పొగకు లోపలంతా పెనం అడుగు మాదిరి అయిపోతాది. కానీ గుంటలు వందలు ఉండాయి గదా."

షెడ్డు మూల నీడలో వల అల్లుకుంటున్న పెద్దాయన అప్పటిదాకా తల ఎత్తలేదు. చెప్పు దొరికిన గంగులయ్య ఆయనే. దారం కొరికి పక్కన పడేసి అన్నాడు: "తలకాయ లేని తాటిమాను ఒకటే ఉండాది. పిడుగు పడింది. సముద్రంలో మాకు అది గుర్తు. దాన్నీ చర్చి సిలువనీ ఒక వరుసలోకి తెచ్చుకోని ఆడ వల దించుతాం. ఆ మాను కింద గుంటలకు రోగమొచ్చి రెండేళ్లాయె, ఎండబెట్టి వదిలేసినారు. చక్రాలు ఇంకెట్టా తిరగతాయి."

"తిరగవు కదా తాతా!"

"అదే నేను చెప్పేది. తిరగవు."

ముగ్గురం నా కారెక్కాం. దారిలోనే అంబులెన్సుకు ఫోన్ చేశాను. గుంటల కట్టలు సన్నగా ఉన్నాయి, టైరు అరడుగు జారినా బురదలోకే. రోజా ముందు సీట్లో కూర్చుని లోపల్లోపల ఏదో గొణుగుతోంది. దేవుణ్ణి తలచుకుంటోంది కాబోలు అనుకున్నాను. చెవి పెట్టి వింటే ఆ మాటే. ఫ్యులిజినస్, ఫ్యులిజినస్. మర్చిపోతే మాస్టారు దొరకరన్నట్టు పట్టుకుని కూర్చుంది.

రెండూ యాభైకి తాటిమాను కనిపించింది. దాని ముందు పగుళ్లిచ్చిన ఎండు గుంట, అందులో తుప్పు పట్టిన మూడు గాలి చక్రాలు. కట్ట మీద రేకుల కప్పుతో జనరేటర్ గది. తలుపు పాతది, తాళం కొత్తది. తలుపు దగ్గర మట్టిలో బండి టైర్ల అచ్చులు.

"మాస్టారూ!" అని రోజా అరిచింది.

గంగులయ్య గుంటలోంచి ఇనుప గొట్టం పీక్కొచ్చాడు. మూడో దెబ్బకు గొళ్లెం ఊడింది.

లోపల చీకటి కాదు. కిటికీ ఉంది. ఆ కిటికీ కిందే మాస్టారు పడి ఉన్నారు, కాలికి తాడు, తాడు జనరేటర్ దిమ్మెకు. పక్కన ఖాళీ నీళ్ల సీసా. ఊపిరి తొందర తొందరగా, లోతుగా తీస్తున్నారు. వంగితే ఆ ఊపిరి మాగిన పండు వాసన వేసింది. షుగరు ముదిరితే వచ్చే వాసన. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. కొట్టలేదు, పొడవలేదు. తాళం వేసి పోయాడు అంతే. మిగతా పని సూది మందు లేకపోవడమే చేస్తుంది. ఆ తర్వాత ఏటి మొగలో వదిలేస్తే చాలు. ఒక్క దెబ్బ వేయకుండా మనిషిని చంపడం ఎలాగో ఆలోచించి పెట్టుకున్నాడు దుర్మార్గుడు.

సూది సంగతి చిన్నబాబుకు ఎలా తెలుసు అన్న అనుమానం అప్పుడు రావలసింది నాకు. రాలేదు. ఆయన బతికి ఉన్నారన్న సంతోషంలో బుర్ర పనిచెయ్యలేదు.

రోజా ఆయన తల ఒళ్లో పెట్టుకుని, నా కారులోని నీళ్లతో కొంగు తడిపి పెదాలు తుడిచింది. కళ్లు కొంచెం తెరుచుకున్నాయి. "రోజా... మీ అక్క..." అన్నారు. మళ్లీ మూతపడ్డాయి.

నేను అబిగయీలుకు ఫోన్ కలిపాను. ఎత్తగానే అరిచాను: "దొరికారమ్మా! మీ నాన్న దొరికారు, బతికే ఉన్నారు! సూది మందు తీసుకుని..."

"అక్కా." ఆ పిల్ల గొంతు వినపడీ వినపడకుండా ఉంది. "గట్టిగా మాట్లాడొద్దు."

"ఏమైంది?"

"సంగం ఆస్పత్రిలో ఎవరో పెద్దాయన ఉండాడంట అని రవన్న తీసుకొచ్చినాడు. ఆస్పత్రికి పోలా, బ్యారేజీ పక్కన ఆపినాడు. టీకి పోయినాడు. సీసా చల్లబడాలని నేను వెనక ఐసు పెట్టె తెరిచినా అక్కా." ఏడుపు మింగిన చప్పుడు. "నాన్న రెండో చెప్పు ఇందులో ఉండాది."

"దిగు. దిగి జనం ఉన్నచోటికి పరిగెత్తు. ఇప్పుడే."

"వస్తా ఉన్నాడు."

దూరంగా రవి గొంతు. మెత్తగా, పొద్దున వరండాలో మాట్లాడినట్టే. "ఎవరమ్మా ఫోన్‌లో?"

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేశాను. స్విచాఫ్.

నాలుగింటికి పోయి రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చే మనిషి. బోర్డును మూడు వరుసలతో తప్ప చూడని మనిషి. ఇంట్లోనే ఉంటాడు కాబట్టి అతనికి బోర్డు సంగతి తెలియకుండా ఉంటుందా అనుకుని నేను అతన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇంటిమనిషి అన్నారు, నమ్మాను. సూది మందు తెచ్చిపెట్టే చేతులే ఆ సూది అందకుండా చేశాయి. థూ, నా పదిహేడేళ్ల సర్వీసూ తగలెయ్య.

"మేడమ్, గోడ చూడండి" అంది రోజా.

కిటికీ పక్కన, మనిషి కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో, మసి మీద వేలితో గీసిన అక్షరాలు. మంగళవారం తేదీ. మొదటి వరుస: పెర్ఫిడియస్. రెండో వరుస: నమ్మినవాళ్లకే ద్రోహం చేసే. మూడో వరుస దగ్గర ఒక గీత గీసి ఖాళీగా వదిలిపెట్టారు. ఒళ్లు తెలియని స్థితిలో కూడా ఆ వరుస తనది కాదని ఆయనకు తెలుసు.

ఆరేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని చేశాను. "రాజ్ కుమార్ గారూ" అన్నాను ఫోన్‌లో. "చిన్నబాబును వదిలెయ్యండి. రవి కుమార్. చేపల వ్యాను. సంగం బ్యారేజీ పక్కన ఉన్నాడు, అబిగయీలు బండిలో ఉంది. మీ కాళ్లు పట్టుకుంటాను, సంగం స్టేషనుకు ఇప్పుడే చెప్పండి."

అతను వెటకారం చెయ్యలేదు. "బండి నంబరు?" అన్నాడు. నాకు గుర్తు లేదు. గంగులయ్య చెప్పాడు. అటు నుంచి జీపు తిరిగిన చప్పుడు వినిపించింది. కట్ట మీద అంబులెన్సు సైరనూ అప్పుడే దగ్గరైంది. టైము మూడూ పది. మాస్టారికి ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు ఉంది. ఆ పిల్లకు ఎంత ఉందో ఏ డాక్టరూ చెప్పలేడు.

"మా అక్కను గుద్దింది ఆ బండేనా మేడమ్?" అని అడిగింది రోజా.

నేను తల ఊపాను. ఆమె ఏడవలేదు. మాస్టారి తలను గంగులయ్య ఒళ్లోకి మార్చి, లేచి, ఖాళీగా ఉన్న మూడో గీత ముందు నిలబడింది. సాయంత్రం క్లాసులో చెప్పినట్టే నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"పెర్ఫిడియస్ మనిషి బండిలోకి ఈ మధ్యాహ్నం అబిగయీలు ఎక్కతా ఉంటే నేను చూసినా."

అందులో దిద్దడానికి ఏమీ లేదు. ఎక్కించింది నేను.